మోరీ నీళ్ల లెక్క

మార్చి 9

మురుగు శుద్ధి ప్లాంటు ప్రాజెక్టు నివేదిక, డీపీఆర్, వచ్చింది. నీలం అట్ట, మూడు సంపుటాలు. రోజుకు 50 లక్షల లీటర్లు, అంటే 5 ఎంఎల్‌డీ. బ్లోయర్లతో గాలి ఊది శుద్ధి చేసే ఎస్‌బీఆర్ పద్ధతి. ఈఈ సార్ బల్ల మీద పెట్టి, "చదివి రిమార్క్స్ రాయమ్మా" అన్నారు.

40 వేల జనం. తలకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగు. గుణిస్తే 4.32. పైకి సవరిస్తే 5. గుణకారంలో తప్పేం లేదు.

కానీ ఆ 135 లీటర్లు ఎవరింటికి వస్తున్నాయి? మా గల్లీకి దినం విడిచి దినం నల్లా.

మార్చి 13

పెద్ద మోరీకి అడ్డంగా, ప్రవాహం కొలిచే వీ-నాచ్ పలక పెట్టించాను. చీకటితోనే వెళ్లి కూర్చున్నా. ఏడింటికి ఉరుకుతూ వచ్చింది. పదకొండు దాటాక సన్నధార. సాయంత్రం మళ్లీ కాస్త.

ఎంత లాగినా 2.5 ఎంఎల్‌డీ దాటట్లేదు. మనిషికి అరవై లీటర్ల చిల్లర.

సగం నీళ్లకు రెట్టింపు ప్లాంటు. అందులో సూక్ష్మజీవులు ఏం తిని బతకాలి?

మార్చి 14

ఇంకో సంగతి. మోరీలో పారేది ఎక్కువగా స్నానాలు, వంటిళ్లు, బట్టలుతికిన నీళ్లు. పైన సెప్టిక్ ట్యాంకులు పొంగి వచ్చేది కొంత. అసలు చిక్కనిదంతా ఇళ్ల కింద ట్యాంకుల్లోనే ఉంది. దాని గురించి మూడు సంపుటాల్లో ఒక్క పేరా లేదు.

మార్చి 21

ట్యాంకులు తోడే బండి డ్రైవరును పిలిపించాను. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఫైన్ వేస్తానని భయం. చాయ్ తెప్పించాక లోపలికొచ్చాడు.

"రాత్రి పూట చెరువు శిఖంల పోస్తున్నం మేడం. గా సంగతి మీకు ఎర్కనే. ఏడ పొయ్యాల్నో జాగ చూపియ్యుండ్రి, ఆడనే పోస్తం."

నా దగ్గర జవాబు లేదు.

బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015లోనే ఈ ట్యాంకుల బురదకోసమే చిన్న ప్లాంటు మొదలైంది. వరంగల్ 2016లోనే ఈ బళ్లకు నియమాలు రాసుకుంది. దూరమేం కాదు వరంగల్. మనమెందుకు మొదటి నుంచీ పైపులూ బ్లోయర్లే ఊహిస్తాం?

ట్యాంకులోకి మనిషిని దింపుతావా అని డ్రైవరును అడిగాను కూడా. తల అడ్డంగా ఊపాడు. నమ్మాలనుంది. మనిషిని దింపకూడదని 2013 చట్టం ఉంది సరే... అడుగున గట్టిపడ్డ బురదకు పైపు అందనప్పుడు?

ఏప్రిల్ 2

పక్క జిల్లాలో ఎస్‌బీఆర్ చూసొచ్చాను. గేటుకు రంగు కొత్తగానే ఉంది. ప్రారంభోత్సవం శిలాఫలకం, దానిమీద పేర్లు. లోపల రెండు బ్లోయర్లలో ఒకటి బెల్టు తీసి పక్కన పెట్టారు. రెండోది పనిచేస్తుందట, పెద్దవాళ్లొచ్చినప్పుడు. కంట్రోల్ ప్యానెల్ మీద బల్లి.

వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. ఆపరేటర్ ఏడి? "జీతం రాక పోయిండు మేడం."

మోరీ నీళ్లు బైపాస్ గేటు గుండా నేరుగా వాగులోకి.

ఎవరి మీదా కోపం రాలేదు. దుఃఖమే వచ్చింది. అన్ని కోట్ల కాంక్రీటు.

ఏప్రిల్ 3

నిద్ర పట్టక లెక్క వేశాను. ఎస్‌బీఆర్‌కు మిలియన్ లీటర్లకు 150 యూనిట్లు. 4.32కి రోజుకు 650 దాకా. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా నెలకు లక్షా ముప్పై అయిదు వేల పైమాటే. ఆపరేటర్లు, విడిభాగాలు, ల్యాబ్ వేరే.

వీధిదీపాల బకాయే ఇంకా తీరలేదు ఇక్కడ.

కట్టడానికి డబ్బు పైనుంచి వస్తుంది. నడపడానికి? అది ఇంటిపన్నులోంచే రావాలి. మన ఇంటిపన్ను వసూలు నాకు తెలుసు.

ఏప్రిల్ 17

మోరీ దిగువన పొలాలు. తోటకూర, పాలకూర, పారాగడ్డి. మోటారు పెట్టి మోరీ నీళ్లే పారిస్తారు. యూరియా ఖర్చు లేదంటారు. ఒకామె మోకాళ్ల దాకా ఆ నీళ్లలోనే నిలబడి కూర కోస్తోంది. చెప్పుల్లేవు.

"మిషినీ పెట్టి నీళ్లు ఆపుతరా బిడ్డా?"

ఆపం, శుభ్రం చేసి ఇస్తాం అన్నాను.

"శుభ్రం చేస్తే బలం ఉంటదా?"

ఈ ప్రశ్న ఏ డీపీఆర్‌లోనూ చూడలేదు. నత్రజని తీసేయడానికి కరెంటు కాల్చి, అదే నత్రజనిని ఆమెకు బస్తాలో అమ్ముతాం. ఆమెకు పోవలసింది నులిపురుగుల గుడ్లు. డబ్ల్యూహెచ్‌ఓ 2006లో చెప్పింది కూడా అదే: సాగు నీటిలో లీటరుకు ఒక గుడ్డు మించకూడదు. గుడ్డు బరువైనది. నీళ్లు కొన్నాళ్లు నిలిస్తే చాలు, అడుక్కి దిగిపోతుంది.

రెండు కట్టలు తోటకూర కొంగులో కట్టిచ్చింది. డబ్బులు తీసుకోనంది. బాగా కడిగి, బాగా ఉడికించి తిన్నాం. అమ్మకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు.

మే 5

కరెంటు లేదు. సెల్‌ఫోన్ వెలుగులో మళ్లీ లెక్కలు. ఈసారి కుంటలు.

2.5 ఎంఎల్‌డీ, బీఓడీ, అంటే నీళ్లలోని సేంద్రియ మలినం కొలత, లీటరుకు 200 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకు 500 కిలోలు. మొదటి కుంట లోతుగా, ఒక రోజు నిల్వ. అందులోనే అరవై శాతం పోతుంది. మిగిలింది 200 కిలోలు. చలికాలానికి 20 డిగ్రీలు పెట్టుకుంటే రెండో కుంట హెక్టారుకు 250 దాకా మోస్తుంది. అంటే రెండెకరాలు. తర్వాత లోతు తక్కువ కుంటలు, ఎండ పని ఎండ చేసుకోవడానికి. గట్లూ దారీ కలిపి అయిదెకరాలు. పక్కనే బండి బురదకు ఇసుక, కంకర పరిచి ఎండబెట్టే మడులు.

మోటారు లేదు. వాలు సరిపోతుంది. గట్టు గడ్డి కోసేవాళ్లు, తెట్టు తీసేవాళ్లు మన దగ్గర ఉన్నారు.

మురుగు కుంటల నిపుణుడు డంకన్ మారా జీవితమంతా పేద, వేడి దేశాలకు ఇదే చెప్పాడు కదా. ఎండ మనకున్నంత ఎవరికుంది?

మే 20

మీటింగ్. కన్సల్టెంట్ కుర్రాడు మర్యాదస్తుడు, తెలివైనవాడు కూడా. నా కుంటల లెక్క మొత్తం విని ఒక్కటే అడిగాడు. "మేడం, బీఓడీ 10 వస్తుందా?"

రాదు. కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్ మనలాంటి ఊళ్లకు 30 దాకా ఒప్పుకుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 అంది. కుంటల నీళ్లలో నాచు ఉంటుంది, ఆ నాచు కూడా బీఓడీ కింద లెక్కకొస్తుంది. 10 రావాలంటే చివర్న ఇంకేదో పెట్టాలి.

కమిషనర్ సార్ నావైపు చూశారు. నేను ఏప్రిల్ 2న చూసింది చెప్పాను. అక్కడ కాగితం మీద 10. వాగులో పడేది మోరీ మోరీగానే.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చాయ్ వచ్చింది, వేరే అజెండా మొదలైంది.

మే 21

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక తీశాను. దేశం మొత్తం పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ. కట్టినవాటి సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధయ్యేది 20,236.

కట్టినదానికీ నడిచేదానికీ మధ్య ఆ పదకొండు వేలు. అందులో ఎన్ని బైపాస్ గేట్లు?

జూన్ 11

తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల గురించి రాత్రంతా చదివాను. అంత మహానగరం మురుగుతో చేపలు పెంచుతున్నారు. ఆ చిత్తడి నేలలు మొత్తం 12,500 హెక్టార్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. వాటి విలువ లోకానికి చూపించింది ధ్రువజ్యోతి ఘోష్, ఆయనా ప్రభుత్వ ఇంజనీరే. జాలర్లకు ముందే తెలిసినదాన్ని కాగితం మీదికి తెచ్చాడు.

ఆయనకూ ఇలాంటి మీటింగులు జరిగుంటాయి.

జూన్ 24

మొదటి పెద్ద వాన. మోరీ రోడ్డెక్కింది. వాన నీళ్లు కుంటల్లోకి పోకుండా మత్తడి పెట్టాలి, నా రిమార్క్స్ నోట్‌లో చేర్చాను.

నోట్ పూర్తయింది. ముందు బురద మడులు, ఈ ఏడాదే. తర్వాత మోరీ మళ్లింపు, కుంటలు. 10 అడిగితే చివర్న కంకర, మెట్టతామర మడి. అప్పటికీ చాలకపోతే అప్పుడు చూద్దాం. ఎస్‌బీఆర్ వద్దు అని సూటిగా రాశాను. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు.

ఈఈ సార్ చదివారు. "భూమి ఏదమ్మా?"

సర్కారు జాగా ఏడెకరాలుందని తహసీల్దారు ఆఫీసు చెప్తోంది. అందులో మూడెకరాలు ఎవరో దున్నుకుంటున్నారు. బహుశా ఆ కూరగాయల వాళ్లే. కాకూడదు అనుకుంటున్నాను.

జూలై 2

రేపు జాయింట్ సర్వే. గొలుసు పట్టేముందు ఆ కూరలు పండించే ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి, నోటీసు చేతికివ్వడం కాదు. కుంటలు దాటిన నీళ్లు వాళ్ల కాల్వకే అని రాతలో ఇవ్వాలి. కమిషనర్ సార్ ఒప్పుకుంటారా?

ఇంకోటి మిగిలింది. మొదటి కుంట మూడో వంతు బురదతో నిండితే తోడాలి. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలి? బడ్జెట్ పుస్తకం అంతా తిరగేశాను, అలాంటి పద్దే లేదు. ఇప్పుడే రాయించకపోతే ఆ రోజుకు నేను ఇక్కడుండను, అడిగేవాళ్లూ ఉండరు. పొద్దున్నే అకౌంటెంట్ దగ్గరికి. సర్వే పదింటికి కదా.