కోయకుండా వదలిన మూడు అంగుళాలు

మహావృక్షాన్ని నేలకూల్చేది రంపమేనని చాలామంది భావిస్తారు. రంపం చేసేది కొంతే. చెట్టును తిన్నగా ఒక దిక్కుకు నడిపించి పడుకోబెట్టేది, రంపం ముట్టకుండా వదలిన కట్టె. ఈ సంగతి యాభై దాటిన వయసులో నా పూర్వవిద్యార్థి ఒకడు నాకు బోధించాడు.

మా మదరసా ఆవరణలో ఒక ముసలి వేప ఉండేది. ఎత్తు 50 అడుగులు, మాను అడ్డుకొలత 30 అంగుళాలు. మొదలు ఒకవైపు పుచ్చి, ఏటేటా ఆటస్థలం వైపు ఒరుగుతూ వచ్చింది. దాని నీడలోనే పిల్లలు పాఠాలు వల్లెవేసేవారు గనుక ఉపేక్షించడం తగదని నిశ్చయించి, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి పొందాము. మొదట వచ్చిన కోతగాడు లుంగీ ఎగగట్టి, ఉత్త కాళ్ళతో నిలబడి, గంటలో పడేస్తానన్నాడు. కమిటీ పెద్దలకు అతడు చెప్పిన ధర నచ్చింది. నాకు ఆ తొందర నచ్చలేదు. అజాగ్రత్తకు తవక్కుల్ అని పేరు పెట్టడం మనలో కొందరికి అలవాటు. నేను దానిని ఎన్నడూ అంగీకరించలేదు.

నా విద్యార్థి కొడగు కాఫీ తోటలలో ఈ పని నేర్చినవాడు. వచ్చి అరగంట వరకు మిషను ముట్టనే లేదు. గొడ్డలి వీపుతో మానును తడుతూ తిరిగాడు. బోలుగా మోగిన చోటు వదలి, దానికి పైన గట్టిగా పలికిన చోట సుద్దతో గీశాడు. మాను కదలగానే విరిగి నెత్తిన పడేవి ఎండుకొమ్మలేనని వాటిని ముందుగా దింపించాడు.

"హజ్రత్, చెట్టు ఎత్తుకు రెండింతలు, అంటే 100 అడుగుల లోపల ఎవరూ ఉండకూడదు. తరగతులు కూడా ఖాళీ చేయించండి" అన్నాడు.

తాను తప్పుకొనేందుకు వెనుక నుండి ఏటవాలుగా ఇరుపక్కలకు రెండు బాటలు శుభ్రం చేసుకున్నాడు. సరిగ్గా వెనుకకు పరుగెత్తరాదట. పడుతున్న మాను ఒక్కొక్కప్పుడు ఆ దిక్కుకే తన్నుతుంది.

పడవలసిన వైపు నోరు తెరిచినట్లు ఒక గాటు పెట్టాడు. లోతు మానులో నాలుగో వంతుకు మించలేదు. ఇక వెనుక నుండి కోస్తాడనుకున్నాను. అలా చేయలేదు. ఒరిగిన చెట్టును వెనుక నుండి కోసుకుంటూ వస్తే, కోత పూర్తికాకముందే మాను నిలువునా చీలి, చీలిన భాగం కోతగాడి ఛాతీ ఎత్తున ఎగిసి తన్నుతుందట. తోటలో తన పక్కన పనిచేసే కుర్రవాడు అలాగే మరణించాడని చెప్పి, కాసేపు మౌనంగా ఉన్నాడు.

అతడు బ్లేడును మాను పక్క నుండి లోపలికి దూర్చాడు. బ్లేడు ముక్కు కింది అంచుతోనే మొదలుపెట్టాలి. పై అంచు కట్టెకు తగిలితే మిషను రెప్పపాటులో ముఖం మీదికి ఎగురుతుంది. గాటు వెనుక మూడు అంగుళాల పట్టీని, అంటే అడ్డుకొలతలో పదో వంతును, తలుపుకు మడతబందులా వదిలాడు. వెనుక అంచున మరికొంత కట్టెను పగ్గంలా ఉంచాడు. మధ్య భాగమంతా కోశాక, చివరికి ఆ పగ్గం తెంచాడు. వేప మూలిగి, నెమ్మదిగా మడతబందు మీద వంగి, చూపిన చోటనే పడింది. అప్పటికే అతడు తన బాటలో దూరంగా ఉన్నాడు.

అతని శిరస్త్రాణం, చెవి కప్పులు, మందపాటి ప్యాంటు చూసి పిల్లలు నవ్వారు. గొలుసు తగిలితే ఆ ప్యాంటు లోపలి పోగులు మిషనులో చుట్టుకొని దానిని ఆపేస్తాయి. మన ఇళ్ళలో ఈ పనితో పొట్టపోసుకొనే యువకులున్నారు. ఉదయం టిఫిను డబ్బా సర్దే తల్లులు, ఇల్లాళ్ళు ఆ ప్యాంటు సంచిలో ఉన్నదో లేదో కూడా చూడాలని నా మనవి. అది కొనిపెట్టే బాధ్యత మాత్రం పని చేయించుకొనే మనది కూడా. కమిటీలో ఈ మాటకు పెద్ద చర్చే జరిగింది. చివరికి అతడు అడిగిన పూర్తి కూలి ఇచ్చాము.

పిల్లలు మొద్దు చుట్టూ మూగారు. నడుమ నునుపుగా తెగిన కోత, ముందు అంచున పీచులు లేచిన పట్టీ. ఒకడు స్కేలు తెచ్చి దానిని కొలిచాడు.