మేమాడిన ఆటలు, మాకందని ఆటలు

ఆటలను గూర్చి వ్రాయుట పెద్దలకు తగిన పని కాదనువారు మనలో ననేకులు కలరు. స్త్రీలు నవలలు చదువుటను గూర్చియు నొకప్పుడిట్లే యనిరి. ఆ మాట నమ్మి చదువు మానినవారు పోగొట్టుకొనినదేమో పాఠకులెఱుగుదురు. కావున మేము చిన్ననాట టెలివిజను తెరపై నాడిన ఆటలను గూర్చియు, ఆడ నోచుకొననివానిని గూర్చియు సంకోచము లేక వ్రాయుచున్నాము.

1995వ సంవత్సర ప్రాంతమున మా తండ్రిగారు అరకులోయలో ఉపాధ్యాయులుగా నుండిరి. ఒక సెలవులలో మా మేనమామగారు విశాఖపట్టణమునుండి రైలులో నొక అట్టపెట్టె తెచ్చి మా యన్నగారి చేతికిచ్చిరి. అది జపానునందు నింటెండోవారు 1983లో వెలువరించిన ఫ్యామికామ్ యంత్రమునకు నకలు. ఆ దినములలో మన బజారులలో దొరకినవి చాలవఱకు నట్టి నకళ్లే. క్యాసెట్టు గ్రుచ్చి మీట నొక్కగనే తెరపై ఆటల పట్టిక కనబడెడిది. అందు అంకెలు వందలు దాటెడివి గాని, నిజముగా వేఱువేఱైన ఆటలు పదియో పదునైదో. తక్కినవన్నియు వానికే మాఱుపేరులు. పేరులు మార్చి సంఖ్య పెంచు విద్య తెరకే పరిమితము కాదు గదా!

పెట్టె అన్నగారిది. మేము ప్రక్కన కూర్చుండి చూడవలసినవారము. "ఆడపిల్లవి, నీకెందుకే ఈ తుపాకుల గోల" అని మా నాయనమ్మగారు అనుచుండెడివారు. ఆమెకు మాపై ద్వేషము లేదు. ఆమె యెఱిగిన లోకమున ఆడపిల్లకు వామనగుంటలనియు, మగపిల్లవానికి గోటీబిళ్ల యనియు భాగములు ముందే పంచబడియుండెను. అయినను కాంట్రా అను ఆటలో నొంటరివాని మూడు ప్రాణములు మూడు నిమిషములు నిలువవు, తోడు కావలెను. ఆ యక్కఱవలన రెండవ మీటలపలక మా చేతికి వచ్చెను. అవసరము తెఱచిన తలుపును ధర్మము తెఱచినదని చెప్పుకొనుట మన యిండ్లలో నలవాటే.

మీది మీట రెండుమార్లు, క్రిందిది రెండుమార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, పిదప బి, ఏ: ఇట్లు నొక్కినచో మూడు ప్రాణములు ముప్పది యగును. 1986లో గ్రేడియస్ అను ఆటను సిద్ధపఱచుచు, దానిని తానే దాటలేక, పరీక్షించుకొనుటకై కజుహిసా హషిమొటో అను నతడు ఈ వరుసను కల్పించెనట. మాకు ఆనాడు అతని పేరు తెలియదు. బడికి పోవుచు ఎక్కమువలె దీనిని వల్లించెడివారము.

మాకన్నిటికంటె ప్రియమైనది బాతుల వేట. తుపాకినుండి తెరకేమియు పోదు. తెరనుండియే తుపాకికి వెలుగు వచ్చును. మీట లాగగనే తెర యొక్క లిప్తపాటు నల్లబడి, బాతున్నచోట తెల్లని చదరము వెలుగును. గొట్టములోని కన్ను ఆ చీకటిని, పిమ్మట ఆ వెలుగును చూచినచో బాతు పడినట్లు లెక్క. గురి పెట్టువా రాడయో మగయో ఆ కన్నునకు పట్టదు. మా గురి అన్నగారి గురికంటె మేలైనదని ఇంటిల్లిపాదికి తెలిసినది ఆ యాటవలననే. పలుచని నేటి తెరలమీద ఆ తుపాకి పనిచేయదు. పాత గాజుబుడ్డి తెరతోనే దాని కాలము తీఱినది.

మారియోను ముగించుటకు మాకు రెండు వర్షాకాలములు పట్టినది. గాలివానకు సిల్వర్ ఓక్ కొమ్మ తీగలపై పడినచో కరెంటు పోవును, ఆట నిలువచేసికొను నుపాయము ఆ క్యాసెట్టులో లేదు, మఱల మొదటినుండియే. ఏడు కోటలు గెలిచినను రాకుమారి వేఱొక కోటలో నున్నదని చెప్పుదురు. ఎనిమిదవ కోటలో గాని ఆమె కనబడదు. ఇంతసేపు ఆమె అక్కడ కూర్చుండి యేమి చేయుచుండెనని మేమడుగగా మా యన్నగారు నవ్విరి.

ఇక మాకందనివి. 1988లో అమెరికాలో వెలువడిన రెండవ మారియోలో ఆ రాకుమారియే ఆడవచ్చును; దుమికినచో కొంతసేపు గాలిలో తేలును. అట్టి యాట కలదని మాకు చెప్పినవారు లేరు. 1986 నాటి మెట్రాయిడ్‌లో ఇనుప కవచము తొడిగి రాక్షసులతో పోరిన వీరుడు, త్వరగా ముగించినవారికి, కవచము తీసి స్త్రీయై కనబడును. పదేండ్ల వయస్సున మేమా కవచము తీయుట చూచియుండినచో నాయనమ్మగారికి చెప్పవలసిన సమాధానము మా యొద్ద నుండెడిది.

2002 ప్రాంతమున విశాఖలో కళాశాలకు పోవునప్పుడు గంటకింతయని ప్లేస్టేషను ఆడనిచ్చు నంగళ్లు వీధివీధిని వెలసెను. ఒక దానిలో అడుగిడగా, "ఇక్కడికి ఆడపిల్లలు రారమ్మా" అని యజమాని మర్యాదగనే చెప్పెను. మర్యాదగా చెప్పినందుననే మఱింత బాధ కలిగెను. ఆ విధముగ 2001 నాటి ఐకో మాకు తప్పిపోయెను. అందొక బాలుడు ఒక బాలికను చేయిపట్టుకొని కోటనుండి తప్పించును. ఇది పాత కథయే యని పెద్దయైన పిదప విసుగుతో మొదలిడితిమి. కాని దారి నరికట్టిన విగ్రహద్వారములు ఆ బాలిక శక్తివలననే తెఱచుకొనును. ఆమె లేక అతడు ముందుకు పోలేడు.

2009లో హైదరాబాదులోని గేమ్‌శాస్త్రవారు కబడ్డీ, గోటీబిళ్ల, గాలిపటములతో దేశీ అడ్డా అను ఆట చేసిరి. అదియు మాకు తప్పినది. తొక్కుడుబిళ్లకు, అచ్చెనగండ్లకు ఇంత శ్రద్ధగా నొక తెర నిచ్చువారు వచ్చినచో మొదట కొనువారము మేమే.

ఇప్పుడు మెట్రాయిడ్ ఆడుచున్నాము. అందు పటము లేదు. దారులు కాగితముపై గీసికొనవలెను. మా మేనకోడలు పెన్సిలు పట్టి ప్రక్కన కూర్చుండును. ఒక ప్రాణము పోయినచో పెన్సిలు మాకు, మీటలపలక ఆమెకు. కవచము తీయుట ఇంకను చూడలేదు.