రంగు వేయని కర్ర

తెల్లకాగితం మీది నల్లని గీతలను పిల్లల చేతికిచ్చి రంగులు నింపమంటే, ఆ గీతల నడుమ చేరేవి రంగులు మాత్రమే కావు. వారు చూచినవీ, విన్నవీ, చూడనివీ కూడా అక్కడికి వచ్చి చేరతాయి. చిత్తూరు సీమలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేసే డ్రాయింగు మాస్టారికి ఈ సత్యం ఒక ఆగస్టు 29న తెలిసివచ్చింది.

ఆనాడు జాతీయ క్రీడా దినోత్సవం. 1905లో అదే తేదీన జన్మించిన హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ స్మృత్యర్థం దేశమంతటా జరుపుకొనే దినం. ఐదవ తరగతి పిల్లల కోసం మాస్టారు ముందునాటి రాత్రి ఒక బొమ్మ గీశారు. కర్రతో బంతిని కొట్టబోతున్న ఒక క్రీడాకారిణి, గోలు ముందు శిరస్త్రాణం ధరించిన గోల్‌కీపర్, చుట్టూ మైదానం. దానికి నకళ్లు తీయించి పంచిపెట్టి, “మీకు తోచిన రంగులు వేయండి” అన్నారు.

గంట గడిచేసరికి ఒకే మైదానం మూడు రంగులుగా మారింది. కొందరు పచ్చిక అనుకొని ఆకుపచ్చ రంగు పూశారు. టీవీలో ఒలింపిక్స్ చూచిన ఒక బాలుడు నీలిరంగు వేశాడు. తక్కినవారు తమ బడి ఆవరణలోని ఎర్రమన్నునే తెచ్చి పరచారు. ఏది సరియైన రంగు అని తగవు పుట్టింది.

“మూడూ సరియైనవే” అన్నారు మాస్టారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ స్వర్ణ పతకాలు సాధించినది పచ్చిక మైదానాలపైన. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా కృత్రిమ తలం వచ్చింది. దానిపై బంతి మరింత వేగంగా, సూటిగా పరుగెత్తుతుంది. అంతటి ఖరీదైన నేలను ఊరూరా పరచుకోలేక మన దేశం వెనుకబడింది. మన ఎనిమిది హాకీ స్వర్ణాలలో ఏడు అంతకు పూర్వమే వచ్చాయి. తరువాత లభించినది 1980 మాస్కో స్వర్ణం ఒక్కటే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, పసుపుపచ్చని బంతి స్పష్టంగా కనిపించాలని, ఆ నేలకు నీలిరంగు వేశారు. నేల మారితే ఒక దేశపు ఆట తలకిందులవుతుందని విని పిల్లలు విస్తుపోయారు.

చివరి వరుసలో కూర్చున్న ఒక బాలిక బొమ్మ దగ్గర మాస్టారు ఆగిపోయారు. నేల ఎర్రగా ఉంది. గోల్‌కీపర్ శిరస్త్రాణం కింద నుంచి నల్లని జడ వేలాడుతోంది. కర్ర మాత్రం తెల్లగానే మిగిలింది.

“కర్రకు రంగు వేయలేదేమమ్మా?”

“దాని రంగేదో నాకు తెలియదు సార్. నేనెప్పుడూ హాకీ కర్రను చూడలేదు.”

మాస్టారికి మాట పెగలలేదు. తానూ ఒక ఛాయాచిత్రం చూచే ఆ కర్రను గీశారు; ఏనాడూ చేత పట్టి ఎరుగరు. పిల్లలు ఎన్నడూ ముట్టని వస్తువు పేరిట పండుగ జరిపి, రంగులతో సరిపెట్టామే అని ఆయన మనస్సు నొచ్చుకుంది.

మరుసటి వారం ఆయన పదవీ విరమణ చేసిన ఒక వ్యాయామోపాధ్యాయుని వద్ద పాత కర్రను అడిగి తెచ్చారు. అది చేతులు మారుతూ తరగతి అంతా తిరిగింది. ఒక వైపు చదునుగా, మరొక వైపు గుండ్రంగా ఉంది. చదునైన వైపుతోనే బంతిని ఆడాలని మాస్టారు చెప్పారు. ఈ సీమ పల్లెలో పుట్టిన రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడారనీ చెప్పారు. ఆ మాట విని బాలిక తన బొమ్మలోని జడ వైపు చూచుకొంది.

“ఒక్కసారి కొట్టి చూచి రంగు వేస్తాను సార్” అంది.

అందరూ ఆవరణలోకి నడిచారు. హాకీ బంతి లేదు. రబ్బరు బంతి దొరికింది. మొదటి దెబ్బకు దుమ్ము మాత్రమే లేచింది. మూడవ దెబ్బకు బంతి వేపచెట్టు దాకా దొర్లింది.

తిరిగి వచ్చాక ఆమె గోధుమరంగు క్రేయాన్ తీసి కర్రకు నిండుగా రంగు వేసింది. కొన వద్ద మాత్రం పలుచగా వేసింది. బంతి తగిలి తగిలి రంగు అరిగిపోయినది అక్కడేనని ఇప్పుడామెకు తెలుసు.