వడగట్టిన నీరు

ఇంట్లో గాజుతొట్టె పెట్టుకొని చేపలను పెంచేవారిలో రెండు తెగలున్నవి. గప్పీల వంటి, పిల్లలను కనే చేపలతో తృప్తిపడేవారు ఒక తెగ. వారు చేయవలసిన పని ఏమంత లేదు; ఒకనాటి ఉదయం లేచి చూచేసరికి తొట్టెలో పిల్లలు ఈదుతూ ఉంటవి. గుడ్లుపెట్టే చేపలను చేపట్టినవారి సంగతి వేరు. ఈ తల్లికి తన గుడ్డు తన సంతానమన్న స్పృహ లేదు. పెట్టిన మరుక్షణమే వెనుదిరిగి దానిని మింగుతుంది. తండ్రి అంతకంటె ముందే నోరు తెరచుకొని ఉంటాడు.

నేను పెంచేది జీబ్రా చేప. రెండంగుళాలు కూడ ఉండదు. తలనుండి తోకదాకా నీలిచారలు, వాటి నడుమ పసిడి చాయ. ఇది పరదేశపు వస్తువని సూరత్తులో చాలమంది అనుకుంటారు గాని, ఇది మన నదుల చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథంలో దీనిని మొదట వర్ణించాడు. 1981లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జి స్ట్రైసింగర్ దీనిపై చేసిన పరిశోధన వెలువడిన తరువాత ప్రయోగశాలలలో దీనికి గొప్ప మర్యాద దక్కింది. ఆ మర్యాదకు కారణం దాని గుడ్డు. అది గాజువలె పారదర్శకం. పెట్టిన మరునాటికే లోపలి గుండె కొట్టుకోవడం భూతద్దంతో చూడవచ్చు.

ఆ గుడ్డును తల్లిదండ్రుల నోటినుండి తప్పించడానికి పిల్లలు ఆడుకునే గోలీలు చాలు. తొట్టె అడుగున వాటిని రెండు వరుసలు పరచి, సాయంకాలం ఆడచేపను, మగచేపను నడుమ వలకట్టి వదలుతాను. తెల్లవారి వెలుతురు పడగానే వల తీస్తే, గంటలోపల గుడ్లు రాలుతవి. అవి జిగురులేనివి గనుక గోలీల సందులలోకి జారిపోతవి. పెద్దచేపలను వెంటనే వేరే తొట్టెకు మార్చాలి. తెల్లగా పాలిపోయిన గుడ్లను, బూజు పక్కవాటికి అంటకముందే, సన్నని గొట్టంతో ఏరివేయాలి. నీరు వెచ్చగా ఉంటే రెండుమూడు రోజులలో పిల్లలు వెలువడి, కనురెప్ప వెంట్రుకల ముక్కలవలె గాజుగోడకు అంటుకొని వ్రేలాడుతవి. అప్పటికి వాటి కడుపు క్రింది సొనసంచియే వాటి ఆహారం. నాలుగైదు రోజులకు పైకి ఈదివచ్చి, ఒక గుక్క గాలి మింగి, లోపలి గాలితిత్తిని నింపుకొంటవి.

అసలైన గండం అప్పుడే ఆరంభమవుతుంది. సొన తరిగిపోతుంది, నోరు సూదిమొనంత. కొందరు ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి పోస్తారు. నేను ఆ పని చేయను. పూట తిరగకముందే నీరు కంపుకొడుతుంది. ఎండుగడ్డి మరిగించిన నీటిని సీసాలో పోసి, చెరువునీరు కొంచెం కలిపి, కొన్నాళ్ళు ఉంచితే కంటికి ఆనీ ఆనని జీవులు అందులో పుట్టలుగా పెరుగుతవి. మొదటి వారం అవే మేత. ఆ తరువాత ఆర్టీమియా అనే ఉప్పునీటి పురుగు. దాని ఎండుగుడ్లను ఉప్పునీటిలో వేస్తే ఒకటి రెండు రోజులలో నారింజరంగు పిల్లలు పుడతవి. వాటిని పలుచని మల్లుగుడ్డలో వడగట్టి, మంచినీట కడిగి తొట్టెలో జాడించాలి.

మా పొరుగింటి కాకా జైనుడు. ఆయన ఇంట నీటిని గుడ్డతో వడగట్టనిదే త్రాగరు. గుడ్డపై నిలిచినదానిని ఇక్కడివారు సంఖారో అంటారు. అందులో ప్రాణులున్నవని దానిని తిరిగి ఆ నీరు వచ్చిన చోటికే చేర్చడం ఆచారం. ఒకనాడు ఆయన నా చేతిలోని గుడ్డను చాలసేపు చూచి, “భాయీ, నేనూ వడగడతాను, నువ్వూ వడగడతావు. నా గుడ్డమీదివి బ్రతుకుతాయి. నీ గుడ్డమీదివి?” అని అడిగాడు.

“కాకా, అవి లేకపోతే ఇవి బ్రతకవు” అన్నాను.

“మరి వీటిని పుట్టించమని నిన్నెవరు అడిగారు?”

ఈ ప్రశ్న సూరత్తులోనే పుట్టదగినది. 1689లో ఇక్కడికి ప్రయాణమైన ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు, ఈ ఊరి వర్తకులు ముసలి పశువులకే గాక నల్లులకూ క్రిమికీటకాలకూ సైతం ఆశ్రయం నడిపేవారనీ, వాటి ఆహారానికై ఒక పేదవానికి కూలియిచ్చి రాత్రి అక్కడి మంచంమీద పడుకోబెట్టేవారనీ వ్రాశాడు. చదివినవారు నవ్వుతారు. నాకు మాత్రం ఆ మంచంమీదివాడే గుర్తుంటాడు. ఎవరి దయకైనా మేత మరొకరు కావలసిందే గదా! ఈ మాట కాకాతో అంటే, “వాడికి కూలి ముట్టింది. నీ పురుగులకు ఏమి ముట్టింది?” అన్నాడు. జవాబు నాకు తోచలేదు. అయినా మరునాడు ఉదయం గుడ్డ తడపక మానలేదు. ఆకలిగొన్న రెండువందల నోళ్ళు తర్కం తేలేదాకా ఆగవు.

ఆ విడతలో డెబ్బైకి పైగా నిలిచినవి. మూడు నెలలకు అవీ గుడ్లకు సిద్ధమైనవి. దుకాణంవాడు ఇరవై తీసుకొని చాలన్నాడు. మిగిలినవాటిని తాపీనదిలో విడిచిపెడితే పుణ్యమని కాకా అంటాడు. తొట్టెలో పెరిగినవాటిని నదిలో వదలితే వాటి రోగాలు నదిచేపలకు అంటుతవని నేనంటాను. ఆ వాదం ఇంకా తెగలేదు. ప్రస్తుతానికి వరండాలో మరొక తొట్టె పెట్టి, ఆడవాటిని ఒకదానిలో, మగవాటిని ఒకదానిలో ఉంచాను.