డబ్బా మీద అక్షరాలు

మా నాన్న రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు బైకు మీద కె.ఆర్. మార్కెట్‌కు వెళ్లి పూలు తెస్తారు. అమ్మ మాలలు కట్టి అమ్ముతుంది. బండి ఆగితే ఆ రోజు వ్యాపారం ఆగినట్లే.

పోయిన దసరా సెలవుల్లో నాన్న నన్ను జె.సి. రోడ్డుకు పంపిస్తూ, "ఇంజన్ ఆయిల్ తీసుకురారా, పాత డబ్బా చూపించి అడుగు" అన్నారు. నేను పాత డబ్బా మర్చిపోయాను. షాపులో ఒక డబ్బా మీద 'పెట్రోలు ఆదా' అని ఇంగ్లీషులో ఉంది. అది కార్ల ఆయిల్, 5డబ్ల్యు-30. పెట్రోలు మిగిలితే నాన్న సంతోషిస్తారు కదా అని కొనేశాను. ఇంటికొచ్చి "అడిగే తెచ్చాను" అని అబద్ధం చెప్పాను. నాన్నకు ఇంగ్లీషు రాదు. నన్ను నమ్మి ఆయనే పోసుకున్నారు.

ఆయుధ పూజ ముందు రోజు బంతిపూల మూటలతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోందట, బండి మాత్రం కదలడం లేదట. తోసుకుంటూ ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయింది. ఏడాదిలో ఎక్కువ పూలు అమ్ముడయ్యే రోజు అది.

మా వీధి మెకానిక్ అన్న డబ్బా చూసి నవ్వాడు. "తమ్ముడూ, గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఈ కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందు ఉంది. అందుకే ప్లేట్లు పట్టకుండా జారుతున్నాయి. బైకు డబ్బా మీద 'జాసో ఎంఎ' లేదా 'ఎంఎ2' ఉండాలి" అన్నాడు.

మిగతావి మా సైన్సు సార్‌ను అడిగాను. చలికాలం పొద్దున మన ఇళ్లలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది కదా! ఇంజన్ ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది, వేడికి పలచబడుతుంది. ఈ చిక్కదనమే మన పుస్తకంలోని స్నిగ్ధత. 10డబ్ల్యు-30లో 'డబ్ల్యు' అంటే వింటర్, చలికాలం. దాని ముందు అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ అంత చలిలోనూ పారుతుంది. చివరి అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం. 30 గ్రేడుకు అది 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40కి 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. పెద్ద అంకె ఉంటే మంచి ఆయిల్ అనుకోకూడదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే పోయాలి. ఏపీఐ పక్కన 'ఎస్' ఉంటే పెట్రోలు ఇంజన్లకు, 'సి' ఉంటే డీజిల్ ఇంజన్లకు.

ఆ రాత్రి నాన్నకు నిజం చెప్పేశాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెలియకపోతే అడగాల రా. అడిగినానని చెప్తే నేనేం చేసేది?" అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మరునాడు ఇద్దరం కలిసి సరైన ఆయిల్ తెచ్చాం. షాపులో డబ్బా మీద ప్రతి అక్షరం నేను చదివి చెప్పాను, నాన్న విన్నారు. ఇప్పుడు బండి సైడు బాక్సు లోపల నేను రాసి అంటించిన తెలుగు చీటీ ఉంది: "10డబ్ల్యు-30, జాసో ఎంఎ". నేను లేకపోయినా నాన్న చదువుకోగలరు.