తీగ లేని మౌస్, ఒక తీగ

పాత ల్యాప్‌టాప్‌లో హైకూ ఎక్కించాను. బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చేసిన కంపెనీ 2001లో అమ్ముడుపోతే, దాని అభిమానులు పట్టుబట్టి మొదలెట్టిన సిస్టమ్ అది. వాడేవాళ్లు తక్కువ, అభిమానం మాత్రం ఎక్కువ. తెర చకచకా వెలిగింది. వైర్‌లెస్ మౌస్ మాత్రం రెండడుగులు వేసి ఆగిపోతోంది. దాని జత వైర్‌లెస్ కీబోర్డు మీద ఒక అక్షరం కొడితే ఏడు పడుతున్నాయి.

డ్రైవర్ లేదేమోనని గంటసేపు వెతికాను. బుద్ధి తక్కువ. ఆ రెండింటి కోసం యూఎస్‌బీ పోర్టులో గుచ్చిన గోరంత రిసీవర్ సిస్టమ్‌కి తనను మామూలు తీగ కీబోర్డు, మౌస్‌లాగానే పరిచయం చేసుకుంటుంది. గాలిలో జరిగే భాగోతం సిస్టమ్‌కి తెలియనే తెలియదు. ల్యాప్‌టాప్ మీటలతోనే టెర్మినల్ తెరిచి లిస్ట్‌యూఎస్‌బీ అని కొడితే, రిసీవర్ పేరు బుద్ధిగా కనిపించింది.

అసలు దొంగ పక్క పోర్టులోనే ఉన్నాడు. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్. అది పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. మౌస్ మాట్లాడేదీ అక్కడే. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. రిసీవర్‌ని మూరెడు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరిపాను. బాణం నీళ్లలో చేపలా తిరిగింది.

తీగ లేని మౌస్ కోసం తీగ కొన్నాను. తొంభై రూపాయలు.