మార్వాడ్ ఎడారిలో స్ప్లెండర్ మీద నాలుగు రోజులు

పోస్టు పెద్దగుంటది, టైం ఉన్నప్పుడు చదవండి.

మన తాండాల్లో ఏ ముసలాయనను అడిగినా "మనం మార్వాడ్ నుంచి వచ్చినం" అంటడు. అదే మాటను హాస్టల్లో వేరేవాళ్లు తిప్పి అంటరు, "మీరు ఇక్కడోళ్లు కాదు కదా" అని. రెండూ చిన్నప్పటి నుంచి వింటున్నం గానీ, ఆ మార్వాడ్‌ను కండ్లతో చూసినోళ్లు మా రెండు ఇండ్లల్లో ఒక్కరూ లేరు. మాలో ఒకడికి రెండేండ్ల కింద జోధ్‌పూర్ దగ్గర సోలార్ ప్లాంటులో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. ఇంకొకడు వరంగల్‌లో ఎం.ఏ. చదువుతున్నడు. మొన్న సంక్రాంతి సెలవులకు ఈ రెండోవాడు రైలెక్కి అక్కడికి పోయిండు. ఇద్దరం కలిసి పాత స్ప్లెండర్ మీద జోధ్‌పూర్ నుంచి పచ్‌పద్రా, బాడ్‌మేర్, జైసల్మేర్, పోఖ్రాన్ తిరిగి మళ్లీ జోధ్‌పూర్ చేరినం. దాదాపు 650 కిలోమీటర్లు. లడఖ్ పోయే బుల్లెట్ బండ్లోళ్లకు ఇదో లెక్క కాదు. మాకు మాత్రం పెద్దదే.

ఎడారి అంటే ఎండ అనుకుంటరు. జనవరి పొద్దున ఆరు గంటలకు బండి నడిపి చూడండి, వేళ్లు కొంకర్లు పోతయ్. స్వెట్టర్ లోపల ఛాతీకి న్యూస్‌పేపర్ పెట్టుకొని నడిపినం. సినిమాల్లో చూపించే ఇసుక గుట్టలు జైసల్మేర్ దాటి సమ్ దాకా పోతేనే బాగా కనబడ్తయ్. మేము తిరిగిన దారిలో ఎక్కువగా గట్టి నేల, రాళ్లు, ముళ్ల పొదలు, మధ్య మధ్య జమ్మి చెట్లు. అవును, దసరాకు మన ఊళ్లల్ల మొక్కే జమ్మే. అక్కడ ఖేజ్‌డీ అంటరు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. ఆకు మేకలకు, కాయ మనుషులకు. ఆ కాయను సాంగ్రీ అంటరు, ఎండబెట్టి ఏడాదంతా కూర వండుకుంటరు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊర్లో రాజు మనుషులు ఈ చెట్లు కొట్టనీకి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి తల్లి చెట్టును వాటేసుకొని నిలబడ్డది. ఆమెతో కలిపి 363 మంది ప్రాణాలిచ్చిండ్రు. మన దగ్గర జమ్మి ఆకును ఆ ఒక్క రోజు బంగారం అని పంచుకొని, తెల్లారి మర్చిపోతం.

పచ్‌పద్రాలో ఆగాలని ముందే అనుకున్నం. కారణం ఉప్పు. మన తాతల తాతలు ఎడ్ల మీద సరుకు మోసిన బతుకును మన బోలిలో లదేణి అంటం కదా, ఆ ఎడ్ల మీద ఎక్కువగా పోయింది ఉప్పు, ధాన్యం. లవణం నుంచే లంబాడీ అనే పేరు వచ్చిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నరు. పచ్‌పద్రాలో ఉప్పు గుంటలు తవ్వి, అందులో ఊరిన ఉప్పునీళ్లలో ముళ్ల కొమ్మలు పడేస్తరు. ఆ ముళ్లకు ఉప్పు గడ్డకడ్తది. తరతరాలుగా ఈ పని చేసేది ఖార్వాల్ కులమోళ్లు. 1879లో జోధ్‌పూర్ రాజుతో ఒప్పందం చేసుకొని ఇంగ్లీషోళ్లు ఈ ఉప్పును తమ చేతిలోకి తీసుకున్నరు. ఆ తర్వాత రైలొచ్చింది. ఎడ్ల పని అయిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం అప్పటికే ఉన్నది, బతుకుతెరువు పోయి తిరిగేటోళ్లను దొంగల కింద రాసుకోవడానికి. పుస్తకంలో ఇది ఒక పేరా. అక్కడ గుంట ఒడ్డున నిలబడి, పక్కనే లేస్తున్న పెట్రోలు రిఫైనరీ గొట్టాలను చూస్తుంటే పేరా లెక్క అనిపించలే. ఒక గడ్డ ఉప్పు అడిగి తెచ్చుకున్నం.

బాడ్‌మేర్‌లో చాయ్ హోటల్ దగ్గర ఒక బంజారా అన్న కలిసిండు, ట్రాక్టర్ డ్రైవర్. మేము కూడా బంజారాలమే అంటే ముందు నమ్మలే. నమ్మినంక అడిగిన మొదటి మాట సర్టిఫికెట్ గురించే. తెలంగాణలో మనం ఎస్టీ. అది కూడా 1976 చట్టం వచ్చినంకనే. కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. రాజస్థాన్‌లో గుజ్జర్లు, రైకాలు, గాడియా లోహార్లతో పాటు అత్యంత వెనుకబడిన వర్గాల 5 శాతంలో ఉన్నరు. మూలం ఎక్కడ అని అందరూ చూపిస్తరో అక్కడే మనోళ్లు ఎస్టీ కాదు. "మీకు హాస్టల్ కూడా ఇస్తరా?" అని ఆ అన్న రెండుసార్లు అడిగిండు. ఇస్తరు అన్నం. హాస్టల్ అన్నం మీద మేము వేసే జోకులు మాత్రం ఆయనకు చెప్పలే.

శివ్ ఊరు దాటినంక సర్కారు తుమ్మ ముల్లు దిగి వెనక టైరు పంక్చర్ అయింది. స్పేర్ ట్యూబు, పంపు ఉన్నయ్ గనుక భయం లేదు, నీళ్లే అయిపోయినయ్. రోడ్డుకు కొంచెం లోపల నాలుగు గుడిసెల ఢాణీ కనబడ్డది. మన తాండా అనుకోండి, ఇంకా చిన్నది. భిల్లుల ఇండ్లు. ఒక ముసలమ్మ, మోచేతి పైదాకా తెల్ల గాజులు, అచ్చం మన నాయనమ్మల బళియాల లెక్క. ఇప్పుడవి రెండుచోట్లా ప్లాస్టిక్కే. ఆమె మమ్మల్ని చూసి, "పాణి?" అన్నది.

మామూలు మాటే. కానీ మా బడిల హిందీ సార్ "పానీ అను, పాణి కాదు" అని బెంచీ మీద నిలబెట్టి పదిసార్లు చెప్పించేటోడు. మా యాడి నేర్పిన ఆ ణ మొద్దు మాట అనుకొని, ఇద్దరం ఐదో తరగతికల్లా నోట్ల నుంచి తీసేసుకున్నం. ఆ ముసలమ్మ ఏ బడికీ పోలేదు. ఆమె నోట్ల ఆ ణ అట్లనే గట్టిగా ఉన్నది.

ఆ నీళ్లు టాంకాలోవి. నేలలో గుండ్రంగా కట్టిన తొట్టి, చుట్టూ నేల వాలుగా చదును చేసి, పడ్డ వాననంతా అందులోకి మళ్లిస్తరు. జైసల్మేర్ వైపు ఏడాది మొత్తానికి పడే వాన 200 మిల్లీమీటర్ల లోపే. మన దగ్గర ఒక్క జూలైలోనే అంతకన్నా ఎక్కువ పడ్తది. అట్లాంటి నీళ్లను రెండు చెంబులు ఇచ్చి, "థారో నామ్ కాంయీ?" అని అడిగింది. మనం "తారో నామ్ కాయి?" అంటం. తేడా చూడండి, అంతే. మేము హిందీ పక్కన పెట్టేసినం. సగం అర్థమైంది, సగం చేతులతో. కాంచళి అంటే వాళ్లకూ రవికే. బాటి మాత్రం వేరే, మనకు రొట్టె, వాళ్లకు నిప్పుల మీద కాల్చిన పిండి ముద్ద. ఆమె పెట్టింది సజ్జ రొట్టె, దాన్ని సోగరా అంటరు. వెల్లుల్లి కారంతో తిన్నం.

ఆమె మనవడు డిగ్రీ చదువుతున్నడు. మేము మాటమాటకు "ఛ" అంటుంటే నవ్విండు. "మీది ఇక్కడి మాట కాదు. మేము హై అంటం. ఛ అనేది జైపూర్ దిక్కు, లేకపోతే గుజరాత్" అన్నడు. నిజమే. జైపూర్ చుట్టూ మాట్లాడే ఢూంఢాడీలో ఛై అంటరు, గుజరాతీలో ఛే. అంటే మన బోలి ఒక్క మార్వాడ్‌ది అని గీత గీయలేం, తిరిగిన దారులన్నీ అందులో ఉన్నయ్. "మీరు ఎక్కడోళ్లు" అని అడిగేటోళ్లకు ఏం చెప్పాలె మరి? ఆ రాత్రి జైసల్మేర్ దాకా బండి మీద ఇదే పంచాయితీ మా ఇద్దరికీ. ఒకడు జైపూర్ అంటడు, ఇంకొకడు "తాతలు చెప్పింది అబద్ధమా" అంటడు. తెగలే.

జైసల్మేర్ కోట గురించి రాయం, యూట్యూబ్‌లో చాలా ఉన్నది. సమ్ దగ్గర క్యాంపుల బోర్డుల మీద బంజారా అనే మాట పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. లోపల మనోళ్లు ఎవరూ కనబడలే.

పోఖ్రాన్ నుంచి జోధ్‌పూర్ వచ్చేదాకా, ఆగిన ప్రతిచోటా ఫోన్‌లో మాటలు రికార్డు చేసినం. ఇప్పటికి 112 మాటలు, పక్కన మన బోలి మాటతో కలిపి రాసిపెట్టినం. ఫైల్ ఈ గ్రూపులోనే పెడతం. కోయ, గోండు మిత్రులు కూడా మీ భాషలో ఇట్ల ఒక లిస్టు మొదలుపెడితే మాకు ఇష్టం. మా దాంట్లో ఒక గడి ఖాళీగా ఉన్నది. ఒంటెకు మన బోలిలో ఏమంటరు? మా రెండు తాండాల్లో అడిగితే ఒంటె అనే అన్నరు, తెలుగులో. మీ ఇంట్ల యాడి, బాపు, నాయనమ్మ ఎవరైనా వేరే మాట చెప్తే కింద రాయండి, తాండా పేరుతో సహా.